ఎత్తైన మేడలు – ఏది కొలవవలెను?

"ఊరిలోకెల్ల ఎత్తైన భవనమేది?" అను ప్రశ్న విద్యార్థులకు ఉత్సాహము కలిగించును. కాచిగూడ, ఆబిడ్స్, నాంపల్లివంటి కళాశాలల పేటలలో ఈ ముచ్చట తరచుగా వినబడును. అంతస్తుల పట్టిక వేసి, దానినే నగర ప్రగతికి గుర్తుగా చూపుట వాడుక. ఈ కొలబద్ద ఎంతవరకు సరియైనదో పరిశీలింపవలెను.

మొదటి చిక్కు ఎత్తు అను మాటలోనే ఉన్నది. 1591 నాటి చార్మినారు ఎత్తు సుమారు 56 మీటర్లని చెప్పుదురు. అది మినారుల కొనవరకు గల లెక్క. మనుష్యులు తిరుగు అంతస్తు చాల క్రిందనే ఉన్నది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషనుకు ఠీవి నిచ్చినవి గుమ్మటములు, మినారులే గాని అంతస్తులు కావు. 1996లో కౌలాలంపూరులోని పెట్రోనాస్ జంట గోపురములు 452 మీటర్లతో, షికాగోలోని 442 మీటర్ల సియర్స్ గోపురమును మించినట్లు నిర్ణయమైనది. శిఖరపు మొనను లెక్కించి, యాంటెన్నాను విడిచిపెట్టుటయే దీనికి కారణము. సియర్స్ పైకప్పు మాత్రము అప్పటికిని ఎక్కువ ఎత్తుననే ఉన్నది!

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక నివాస భవనమున నేల అంతస్తులో నిలువచేసిన రసాయనములకు నిప్పంటుకొని, 9 మంది మరణించిరి. 2025 మే 18న చార్మినారు దాపున గుల్జార్ హౌజ్‌లో 17 మంది బలియైరి. ఆ ఇంటికి నేల అంతస్తుపైన ఉన్నవి రెండే అంతస్తులు. దిగుటకు ఇరుకైన మెట్లదారి ఒక్కటే. ఈ రెండు భవనములును ఏ ఎత్తుల పట్టికలోను చోటుచేసుకొన్నవి కావు.

కారణము సామాన్యమైన భౌతికశాస్త్రమే. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికయై పైకి లేచును. తలుపులులేని మెట్లగది అప్పుడు పొగగొట్టమువలె పనిచేయును. మనుష్యులు దిగవలసిన దారిలోనే పొగ ఎక్కివచ్చును. మంటకంటె ముందుగా ఆ పొగయే ప్రాణము తీయును.

ఎత్తు దోషమని దీని భావము కాదు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన భవనములకు అగ్నిరక్షణలో కఠిన నియమములు విధించినది. నాంపల్లిలోని గగనవిహార్‌వంటి బహుళాంతస్తుల భవనమును చూచి ముచ్చటపడుట తప్పు కాదు. పేరులోని గగనమును మాత్రమే మెచ్చి, నేలకు దిగు దారిని అడుగకపోవుటయే తప్పు. ఎత్తుల పట్టిక ఈ ప్రశ్న వేయదు; దాని పెద్ద లోపమిదే.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత రెండు కొలతలు తీయింపవచ్చును. ఎండలో ఒక మీటరు కర్ర నీడను, అదే సమయమున పాఠశాల భవనపు నీడను కొలిచినచో, సరూప త్రిభుజములవలన భవనపు ఎత్తు తెలియును. పిదప పై అంతస్తునుండి అందరును మెట్లమీదుగా వెలుపలికి వచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టునో గడియారముతో చూడవలెను. మొదటి దారి మూసుకొనిపోయిన రెండవది కలదా అని అడుగవలెను. మొదటి కొలత భవనపు పరిమాణమును తెలుపును. రెండవది దాని విలువను తెలుపును.