ఆరు వాట్ల మాట

హైదరాబాద్‌లో చైతన్యపురి, కొత్తపేట వైపు రెండు గదుల వాటాల్లో ఒకే కంప్యూటర్ ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. పొద్దున ఇల్లాలి ఆన్‌లైన్ ట్యూషన్, సాయంత్రం కొడుకు జావా ప్రాక్టీసు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లను నమ్ముకున్న ఇళ్లలో అది రోజుకు ఎనిమిది గంటలు నడవడం మామూలే. బల్ల కింది పాత సీపీయూ మూలనపడగానే ఇంటాయన షాపుకెళతాడు. అక్కడ అరచేతిలో పట్టేంత కంప్యూటర్ డబ్బా చూపించి, "ఆరు వాట్లే సార్, బల్బు కన్నా తక్కువ" అంటారు.

ఆ మాటలో సగమే నిజం. ఆ డబ్బాలో ఉండేది 2023 జనవరిలో వచ్చిన ఇంటెల్ ఎన్100, దానికి నాలుగు కోర్లు. ఆరు వాట్లన్నది ఆ చిప్‌కు కంపెనీ రాసిన అంకె, గోడ ప్లగ్గు దగ్గరి లెక్క కాదు. డబ్బా తయారీదార్లు చాలామంది బయాస్‌లో ఆ హద్దును పెంచేస్తారు. ఊరికే ఉన్నప్పుడు ఆరు నుంచి పది వాట్లు లాగే పెట్టె, అప్‌డేట్లు దిగుతున్నప్పుడు ఇరవై దాటేస్తుంది.

అయినా గిట్టుబాటే. సగటున 15 వాట్లనుకుంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 3.6 యూనిట్లు. పాత సీపీయూ 80 వాట్లు లాగితే 19.2. మానిటర్ ఖర్చు ఎటూ ఒకటే కాబట్టి అది పక్కన పెడదాం. మిగిలేది పదిహేను యూనిట్ల చిల్లర. దాంతో ఒరిగేదేమిటి అనిపించవచ్చు. కానీ 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు అందుకుంటున్న ఇంటికి 200 యూనిట్లే గీత. అది దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. బిల్లు వెయ్యి పైనే. కూలర్ రాత్రంతా తిరిగే మే నెలలో ఆ పదిహేను యూనిట్ల విలువ మీటరు రీడింగ్ తీసే రోజున తెలుస్తుంది.

కొత్తదే కొనాలని లేదు. ఆఫీసులు వదిలించుకున్న డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీలు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతుంటాయి. వీటిలో ఎక్కువగా ఉండే, చివర 'టీ' అక్షరమున్న ప్రాసెసర్ల హద్దు 35 వాట్లు. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఇవీ పొదుపరులే. చూడాల్సింది ప్రాసెసర్ తరం. ఆరో తరానిది చవగ్గా ఇస్తామంటారు, దానికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగింది. ఎనిమిదో తరం ఐ5-8500టీకి ఆరు కోర్లున్నాయి, ర్యామ్‌కు రెండు స్లాట్లుంటాయి. ఎన్100కు ఒకే మెమరీ ఛానెల్, కొన్ని డబ్బాల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. ట్యూషన్, బ్యాంకు పనులకు ఎన్100 చాలు. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచే కుర్రాడుంటే 16 జీబీ ర్యామ్‌తో ఎనిమిదో తరం పాత పెట్టెకే ఓటు.

ఈ బుల్లి పెట్టెలకు పెద్ద రాజకీయమే ఉంది. 2023 జులైలో ఇంటెల్ తన 'నక్' బుల్లి కంప్యూటర్ల వ్యాపారం నుంచి తప్పుకుని ఆసుస్‌కు అప్పగించింది. పక్క నెలలోనే, ఆగస్టు 3న, కేంద్రం ల్యాప్‌టాప్‌లతో పాటు అతి చిన్న కంప్యూటర్ల దిగుమతికీ ఆంక్షలు ప్రకటించి, గోల రేగాక మెత్తబడింది. దాని సంగతెలా ఉన్నా, ఊరూపేరూ లేని బ్రాండుకు రేపు సర్వీసు ఎవరు చేస్తారన్నది బిల్లు చేతికి రాకముందే అడగాలి.

ఎవరూ పట్టించుకోనిది అడాప్టర్. దాని వీపున సన్నటి అక్షరాల్లో బీఐఎస్ గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉండాలి. చాలా ఎన్100 డబ్బాలు 12 వోల్టులు, 3 ఆంపియర్ల మీద నడుస్తాయి. వైఫై రూటర్‌కు పెట్టుకునే చిన్న యూపీఎస్ కూడా 12 వోల్టులదే కదా, కరెంటు పోయినా క్లాసు ఆగదని కొందరి ఉపాయం. ఉపాయం మంచిదే, కాకపోతే యూపీఎస్ రెండు ఆంపియర్లదైతే బరువైన పని పడగానే పెట్టె రీస్టార్ట్ అవుతుంది. పిన్ను సైజు, ప్లస్-మైనస్ గుర్తు సరిపోవాలి. మానిటర్‌కు కరెంటు వేరే చూసుకోవాలి. డెల్, లెనోవో, హెచ్‌పీ పెట్టెలు 19, 20 వోల్టులవి, వాటికి ఈ దారి లేదు, ఇన్వర్టరే గతి.