సాక్షియే చరిత్రకారుఁడైనచో

కృష్ణామండలమున గన్నవరమునుండి మూఁడు పర్యాయములు శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ సాయుధపోరాటముపై 1972లో ఆంగ్లమున వెలువరించిన గ్రంథము చరిత్రయా, స్మృతులా యని చెప్పుట కష్టము. నిజాము నిరంకుశత్వమును, రజాకార్ల దౌర్జన్యమును, 1948 సెప్టెంబరున ప్రవేశించిన యూనియన్ సైన్యమును ఎదుర్కొన్న పోరాటమునకు నాయకుఁడయ్యును, గ్రంథకర్త తన్ను వెనుకకు నెట్టుకొని గ్రామములను, మృతవీరుల పేళ్లను ముందుంచెను. ఈ సంయమము మాకు గౌరవపాత్రము. చిక్కును ఇచ్చటనే కలదు. ‘నేను’ తగ్గినంతమాత్రమున పక్షము తొలఁగదు. సైనికచర్య పిమ్మటఁ బోరాటమును 1951 వఱకు సాగించుట యుక్తమని యాయన తీర్పు. నాఁడే విరమింపవలసినదని రావి నారాయణరెడ్డిగారి మతము. ఇరువురును ప్రత్యక్షసాక్షులే, ఇరువురును వాదులే. ఆ పోరాటమునకు చేయూతనిచ్చిన యీ మండలమునఁ బరిశోధించు విద్యార్థులు సుందరయ్యగారి పుటల ప్రక్కనే 1973 నాఁటి రెడ్డిగారి స్మృతులను తెఱచియుంచుకొనవలెనని మా సూచన.