ఉద్దానం మూత్రపిండాల వ్యాధి పరిశోధనలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఆరోగ్య అసమానతకు రెండు ముఖాలున్నాయి. కొన్ని వర్గాల ప్రజలు ఇతరులకంటే ఎక్కువగా జబ్బుపడటం ఒకటి. జబ్బుపడ్డాక వారికి వైద్యం తక్కువగా, ఆలస్యంగా అందడం రెండవది. మొదటిదాని కారణాలు తెలియకపోయినా రెండవదాన్ని సరిదిద్దవచ్చు. ఈ తేడాను గుర్తుంచుకుని ఉద్దానంపై జరిగిన పరిశోధనలను పరిశీలిద్దాం.

1. నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరంలోని ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఇది కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేల. 1990ల నుంచి ఇక్కడ దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అసాధారణంగా కనిపిస్తోంది. మధుమేహం, అధిక రక్తపోటు లేనివారికి కూడా ఇది వస్తోంది. తొలిదశలో నొప్పి ఉండదు కనుక చాలామందికి వ్యాధి ముదిరాకే తెలుస్తుంది. 2020లో ప్రచురితమైన ఒక సర్వే ప్రకారం ఇక్కడి వయోజనుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. శ్రీలంకలోని ఉత్తర మధ్య ప్రాంత రైతులలో, మధ్య అమెరికా చెరకు తోటల కూలీలలో కూడా ఇటువంటి వ్యాధే కనిపించింది.

2. పరిశోధన అడిగిన ప్రశ్న

తాగునీటిలోని సిలికా, ఫ్లోరైడ్, భార లోహాలు, పురుగుమందులు, ఎండదెబ్బ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం: ఇలా అనేక కారణాలను పరిశోధకులు పరీక్షించారు. ఏ ఒక్కటీ నిర్ధారణ కాలేదు. ఈ శ్రమ విలువైనదే. అయితే 'నీటిలో ఏముంది?' అన్న ప్రశ్న ముందుకు వచ్చినంతగా 'ఆ నీరు ఎవరు తాగుతున్నారు?' అన్న ప్రశ్న రాలేదు. సర్వేలు వయసు, లింగం, వృత్తి నమోదు చేస్తాయి కాని వాటిని విడివిడి అంశాలుగానే లెక్కిస్తాయి. ఎండ అందరికీ ఒకటే. తోట యజమాని నీడకు వెళ్లగలడు, రోజుకూలీ వెళ్లలేడు. అంటే పర్యావరణ కారణం అనుకున్నది సైతం సామాజిక స్థానం గుండానే శరీరాన్ని చేరుతుంది. ఊళ్లో ఇంటింటికీ తిరిగే సర్వేకు, పొట్టకూటికి వలస వెళ్లినవారు దొరకరన్నది కూడా గమనించాలి.

3. కొలమానంలోని అసమానత

మూత్రపిండాల పనితీరును సాధారణంగా రక్తంలోని క్రియాటినిన్ ఆధారంగా, ఈ.జి.ఎఫ్.ఆర్. అనే సూత్రంతో అంచనా వేస్తారు. అమెరికాలో వాడిన సూత్రాలలో రోగి నల్లజాతివారైతే ఫలితాన్ని పెంచి చూపే గుణకం ఉండేది. దానివల్ల వారి మూత్రపిండాలు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించి, నిపుణుల వైద్యానికీ మార్పిడి జాబితాకూ ఆలస్యంగా చేరే ప్రమాదం ఉండేది. జాతి గుణకాన్ని తొలగించాలని 2021లో అక్కడి వైద్య సంఘాలు సిఫారసు చేశాయి.

ఇది ఉద్దానానికి కూడా వర్తించే పాఠం. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. అర్ధాకలితో బక్కచిక్కిన కూలీ శరీరంలో కండ తక్కువ, క్రియాటినిన్ కూడా తక్కువే. కనుక అతని మూత్రపిండాలు దెబ్బతిన్నా, పరాయి దేశపు కొలతల మీద తయారైన సూత్రం వాటిని బాగున్నట్టు చూపవచ్చు. పేదరికం ఇక్కడ జబ్బును పెంచడమే కాదు, లెక్కలో దాచేస్తుంది కూడా.

4. వైద్య సదుపాయం

వైద్యం ఎక్కువగా అవసరమైన చోటే అది తక్కువగా దొరుకుతుందని బ్రిటిష్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో సూత్రీకరించాడు. ఉద్దానం చాలా కాలం దీనికి ఉదాహరణగా నిలిచింది. నిపుణుల వైద్యం కోసం రోగులు విశాఖపట్నం వరకు వెళ్లేవారు. తర్వాత టెక్కలి, పలాస, సోంపేటలలో డయాలసిస్ సదుపాయం వచ్చింది. 2019లో డయాలసిస్ రోగుల నెల పింఛను 10,000 రూపాయలకు పెరిగింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం నుంచి ఉద్దానానికి వంశధార నీటిని తెచ్చే పథకం కూడా ప్రారంభమైంది.

ఇవి నిజమైన మార్పులు. కాని డయాలసిస్ వ్యాధి చివరి మెట్టు. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు యంత్రం దగ్గర గడపాలి. చికిత్స ఉచితమైనా రోగి కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. ఆ తోడు తరచుగా ఇంటి స్త్రీయే. పలాస జీడిపప్పు కార్మికురాలికి ఆసుపత్రి దగ్గరే ఉండవచ్చు. పరీక్ష కోసం ఒక పూట కూలి వదులుకోవడమే ఆమెకు అసలు దూరం. ఊరి దగ్గరే, పని లేని వేళ, మూత్ర, రక్త పరీక్షలు క్రమం తప్పకుండా జరిగితేనే ఆ దూరం తగ్గుతుంది.

5. సారాంశం

కారణం తేలకముందే ప్రభుత్వం నీటిని మార్చింది. సరైన పనే. అదే తర్కం మిగతా వాటికీ వర్తిస్తుంది. 'కారణం తెలియని వ్యాధి' అన్న పేరు మన అజ్ఞానాన్ని నిజాయితీగా చెబుతుంది. కాని ఎవరికి పరీక్ష అందలేదు, ఎవరు ఆలస్యంగా ఆసుపత్రికి చేరారు అన్నవి తెలుసుకోగల విషయాలే. వాటిని లెక్కించని పరిశోధన, ఎంత శాస్త్రీయమైనదైనా, అసంపూర్ణమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆరోగ్య అసమానత రెండు ముఖాలను మీ ప్రాంతపు ఉదాహరణతో వివరించండి.
2. క్రియాటినిన్ ఆధారిత అంచనా పేదల వ్యాధిని ఎలా తక్కువగా చూపవచ్చు?