చీపురు, ఇటుక, ఓటు: బుకర్ వాషింగ్టన్ ఆత్మకథ

బానిసగా పుట్టిన మనిషి తన కథ రాసుకుంటే, ఎవరు చదవాలని రాశాడన్నది మనం మొదట అడగాల్సిన ప్రశ్న. బుకర్ టి. వాషింగ్టన్ ‘అప్ ఫ్రమ్ స్లేవరీ’ 1901లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందు ‘అవుట్‌లుక్’ పత్రికలో ధారావాహికగా నడిచింది. అప్పటికతను అలబామాలో టస్కీగీ విద్యాలయం నడుపుతూ, ఉత్తరాది తెల్ల ధనవంతుల దగ్గర చందాలు పోగుచేస్తున్నాడు. ఇటు చందాదారుల్నీ, అటు చుట్టూ ఉన్న దక్షిణాది తెల్లవాళ్లనీ నొప్పించకుండా రాయాలి. ఇందులో కోపం ఏదని అడిగేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

కోపం లేకపోయినా నిజం ఉంది. పుట్టింది వర్జీనియాలోని ఒక తోటలో. తండ్రి ఎవరో తెల్లవాడని వినడమే తప్ప పేరు తెలీదు. తల్లి ఆ తోటకంతా వంటమనిషి. ఒక రాత్రి పిల్లల్ని లేపి కోడికూర పెట్టింది. దాన్ని దొంగతనమంటే ఒప్పుకోనంటాడు కొడుకు. బరక నార చొక్కా ఒంటిని కోసేస్తుంటే, అన్న జాన్ దాన్ని ముందు తను తొడుక్కుని మెత్తబరిచి ఇచ్చాడు. 1865 విడుదల తరవాత పశ్చిమ వర్జీనియా ఉప్పు బట్టీల్లో పనికి కుదిరాడు. అక్కడ సవతి తండ్రి పీపాల మీద వేసే 18 అంకె, అతను గుర్తుపట్టిన మొదటి రాత. వెట్టి బతుకుల్లోంచి వచ్చినవాళ్లకి ఈ పేజీలు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

1872లో హాంప్టన్ విద్యాలయానికి వెళ్తే, అక్కడి పంతులమ్మ చేతికి చీపురిచ్చి గది ఊడవమంది. మూడుసార్లు ఊడ్చాడు, నాలుగుసార్లు తుడిచాడు. ఆవిడ చేతిరుమాలుతో గోడలు రుద్ది చూసి చేర్చుకుంది. అదే తన ప్రవేశ పరీక్ష అని సంబరంగా చెప్పుకొస్తాడు. దళిత పాఠకుడికి మాత్రం ఇక్కడ గుండె కలుక్కుమంటుంది. చదువుకోడానికి వచ్చినవాడి చేతికి చీపురివ్వడం మనకి కొత్త కాదుగదా!

కానీ కథ అక్కడితో అయిపోలేదు. తరవాత, బడి తెరిచేముందు రెండు వారాలపాటు ఆవిడే అతనితో కలిసి కిటికీలు కడిగింది, గదులు దులిపింది. పాతకాలపు గొప్ప కుటుంబం ఆవిడది. శ్రమకి గౌరవం అని వాషింగ్టన్ అన్నప్పుడల్లా దాని వెనక ఈ అనుభవం ఉంది. మన దగ్గర చీపురు చేతులు మారదు. చేతులు మారని పనికి గౌరవం ఉందని చెప్పడం మోసం.

1881లో టస్కీగీ మొదలైంది. విద్యార్థులు ఇటుకలు కాలిస్తే మూడు ఆవాలు పాడయ్యాయి. వాషింగ్టన్ తన గడియారం 15 డాలర్లకి తాకట్టు పెట్టి నాలుగోది కాల్చాడు. ఇటుకలు మంచివని చుట్టుపక్కల తెల్లవాళ్లు వచ్చి కొనుక్కున్నారు. దీన్నిబట్టి అతను తీసిన సూత్రం: లోకానికి కావలసిన వస్తువు చేసేవాడికి గౌరవం దానంతటదే వస్తుంది.

వచ్చిందా? రాజకీయ హక్కుల సంగతి నెమ్మదిగా చూసుకుందామని తెల్లవాళ్లకి హామీ ఇచ్చినట్టు వినిపించిన అట్లాంటా ఉపన్యాసం 1895లో. వేరు చేసి ఉంచడం తప్పుకాదని సుప్రీంకోర్టు తీర్పు 1896లో. ఈ పుస్తకం వచ్చిన 1901లోనే అలబామా కొత్త రాజ్యాంగం నల్లవాళ్లలో అత్యధికులకి ఓటు లేకుండా చేసింది. ఇటుకలు కొన్న చెయ్యే ఓటు లాక్కుంది.

1903లో డుబాయిస్ ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’లో అడిగింది ఇదే. ఓటు లేని పనివాడు తన ఆస్తిని ఎట్లా కాపాడుకుంటాడు? ఉన్నత విద్య లేకపోతే టస్కీగీకి పంతుళ్లు ఎక్కణ్ణించి వస్తారు? ఈ రెండు ప్రశ్నలకీ ఆత్మకథలో జవాబు లేదు. అయినా వాషింగ్టన్ని ద్రోహి అనేస్తే సగమే చెప్పినట్టు. అలబామా ఓటు చట్టాల మీద కేసులు నడవడానికి రహస్యంగా డబ్బిచ్చింది అతనే. పుస్తకంలో తలొంచుకున్న మనిషి కోర్టులో పోరాడుతున్నాడు. రెండు ముఖాలతో బతకాల్సిన అవసరం అతనికి ఎవరు తెచ్చిపెట్టారో ఆలోచించాలి.

ఈ పుస్తకాన్ని చూపించి మన పిల్లల్ని కులవృత్తులకి పంపాలంటే కుదరదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడిని పూటకి కుదించి, మిగతా సమయం ఇంటి వృత్తి నేర్చుకోమంది. ప్రజలు తిరగబడ్డారు. 1954లో అది రద్దయింది. ఆ పథకం పిల్లవాణ్ణి బడిలోంచి తండ్రి పనిలోకి పంపింది. టస్కీగీ పొలంలో ఉన్నవాణ్ణి బడిలోకి తెచ్చి, అక్షరంతోపాటు పని నేర్పింది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

కనక వృత్తివిద్య మంచిదా చెడ్డదా అని ఊరికే వాదించుకోవడం దండగ. ఆ పని ఎవరు ఎంచారు? వస్తువు ధర ఎవరు కడతారు? పక్క బల్ల మీద అగ్రకులాల పిల్లలు అదే పని నేర్చుకుంటున్నారా? పంతుళ్లు ఈ మూడూ అడగాలి.

ఒక్క సంగతి. మురికి గుడిసెలో కూర్చుని ఫ్రెంచి వ్యాకరణం చదివే కుర్రాణ్ణి చూసి ఈ పుస్తకంలో జాలిపడ్డ వాషింగ్టన్, తరవాత తన కూతురు పోర్షియాని పియానో నేర్చుకోడానికి జర్మనీ పంపాడు. తప్పు పట్టక్కర్లేదు. ఇటుక కాల్చినవాడి బిడ్డకి ఆ దారి దొరకాలి. టస్కీగీలో ఇటుకలు మోసిన మిగతా పిల్లలకీ అది దొరకాలని డుబాయిస్ వాదన. మనదీ అదే.