డెక్ మీది సరుకు: రెండు నియమావళులు

1991 నవంబర్ 6న లండన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) ఒకే రోజు రెండు నియమావళులను ఆమోదించింది. తీర్మానాల సంఖ్యలూ పక్కపక్కనే: ఏ.714, ఏ.715. మొదటిది ఓడలో సరుకును ఎలా సర్దాలో, ఎలా కట్టాలో చెబుతుంది. రెండోది డెక్ మీద వేసే కలప కోసమే రాసింది. రెండూ పక్కన పెట్టుకుని చదివితే ఒకే తల్లి బిడ్డలంటే నమ్మబుద్ధి కాదు.

మొదటిది ఇంజనీరు రాత. దాని సారమంతా తర్వాత చేర్చిన 13వ అనుబంధంలో ఉంది. డెక్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారనుకుందాం. ఎడమవైపు కట్లు సురక్షితంగా మోయగల బలమంతా కలిపితే దాని బరువుకు తగ్గకూడదు. కుడివైపూ అంతే. డెక్‌తో 60 డిగ్రీలకు మించి నిటారుగా బిగించిన కట్టు పక్కకు జారడాన్ని పెద్దగా ఆపలేదు కాబట్టి దాన్ని ఈ లెక్కలో చేర్చకూడదు. తెగే బలంలో ఎంత వాడుకోవచ్చో కూడా పట్టిక వేసి ఇచ్చారు. ఒక్కసారి వాడి తీసేసే వైరు తాడుకు 80 శాతం, మళ్లీమళ్లీ వాడే తాడుకు 30 శాతమే. పాత తాడును నమ్మొద్దన్న హెచ్చరిక ఇంత సూటిగా నాకు మరెక్కడా కనబడలేదు. రాపిడి గుణకాల పట్టిక ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ఉక్కు మీద ఉక్కు పొడిగా ఉంటే 0.1, తడిస్తే సున్నా. మధ్యలో చెక్క వేస్తే 0.3. సరుకు కింద చెక్కలు పరచమని నావికులు ఎందుకంత పట్టుబడతారో ఈ మూడు అంకెలు చూస్తే తెలిసిపోతుంది.

అయితే లెక్కంతా సరుకు మారదన్న నమ్మకం మీదే నడుస్తుంది. దారిలో కట్లు చూసుకుంటూ ఉండమని ఇందులోనూ రాశారు, కాని వేసిన లెక్క మాత్రం రేవు వదిలిన రోజుదే.

కలప నియమావళికి ఆ నమ్మకం లేదు. ఎండిన కలప నీళ్లు తాగుతుంది, చలి సముద్రాల్లో దాని మీద మంచు పేరుకుంటుంది. ఈలోగా అడుగు ట్యాంకుల్లోని ఇంధనం కాలిపోతూ ఉంటుంది. అంటే రోజురోజుకూ ఓడకు పైన బరువు పెరిగి కింద తగ్గుతుంది. అందుకే కలప ఓడల స్థిరత్వం లెక్కలో నానిన బరువు కింద పది శాతం అదనంగా వేసుకుంటారు. శీతాకాలంలో అలాంటి చలి మండలాల గుండా వెళ్లేటప్పుడు డెక్ మీద కలప ఎత్తు ఓడ వెడల్పులో మూడో వంతు దాటకూడదు. ఓడ కుదుపులకు దొంతర అణిగి కట్లు వదులవుతాయి కాబట్టి వాటిని మళ్లీ బిగించాలి, ఆ సంగతి లాగ్‌బుక్‌లో రాయాలి. ఇదంతా సముద్రం నేర్పిన చదువు. ఇంత జాగ్రత్త చెప్పినా కలప జారడం ఆగలేదు. 2008 జనవరిలో కలప మోస్తున్న ‘ఐస్ ప్రిన్స్’ ఓడ ఇంగ్లిష్ చానల్‌లో మునిగింది. సిబ్బంది బతికి బయటపడ్డారు గాని, కోసిన కలప వర్తింగ్ తీరమంతా గుట్టలు పడింది.

కలప ఓడ స్థిరత్వం మరీ తక్కువైతే ఎలా ప్రమాదమో, మరీ ఎక్కువైనా అలాగే ప్రమాదం. అతి స్థిరమైన ఓడ ఒరిగిన వెంటనే విసురుగా లేస్తుంది, ఆ విసురుకు కట్లు తెగుతాయి. అందుకే స్థిరత్వాన్ని కొలిచే మెటాసెంట్రిక్ ఎత్తు వెడల్పులో మూడు శాతం దాటకుంటే మేలని కలపవాళ్లు ఏనాడో రాసుకున్నారు. 2019 జనవరి మొదట్లో నెదర్లాండ్స్ దీవుల ఉత్తరాన ‘ఎంఎస్‌సీ జో’ అనే కంటెయినర్ ఓడ 342 కంటెయినర్లను సముద్రంలో పోగొట్టుకుంది. ఆ దర్యాప్తులో బయటపడిన కారణాల్లో ఈ అతి స్థిరత్వం ఒకటి. కంటెయినర్ ఓడలు కట్ల కోసం తమ సొంత లాషింగ్ మాన్యువల్‌ను అనుసరిస్తాయి, వాటికి కలప అంకెను అంటగట్టడం న్యాయం కాదు. అయినా ఆ హెచ్చరిక వెనకున్న ఆలోచన వాటికీ వర్తిస్తుంది.

నా దృష్టిలో ఈ రెండు నియమావళులకూ అసలు తేడా మనిషి దగ్గర వస్తుంది. కలప దొంతర మీద నడిచే నావికుడి కోసం రెండు పక్కలా మీటరు ఎత్తున రక్షణ తాళ్లు కట్టాలి. తాడుకూ తాడుకూ మధ్య 330 మిల్లీమీటర్లకు మించి ఎడం ఉండకూడదు. నడిమధ్యన స్క్రూతో బిగించిన లైఫ్‌లైన్ ఒకటి ఉండాలి. లోడ్‌లైన్ ఒప్పందం 1966లోనే ఈ కొలతలు పెట్టింది. తుఫానులో కట్టు బిగించడానికి వెళ్లే మనిషి కాలు ఎక్కడ మోపుతాడో, చేత్తో ఏది పట్టుకుంటాడో ముందే ఆలోచించిన రాత అది. మొదటి నియమావళిలో డెక్ మీద కంటెయినర్లను కట్టే కార్మికుడు నిలబడే చోటు, కంచె, వెలుతురు గురించి వివరంగా చెప్పే 14వ అనుబంధం 2010లో గాని రాలేదు. అందులోని నిర్మాణ నియమాలు 2015 జనవరి నుంచి పునాది వేసిన ఓడలకు. లెక్క అంత బాగా తెలిసినవాళ్లు ఆ లెక్కను చేతులతో నిలబెట్టే మనిషి దగ్గరకు రావడానికి అన్నేళ్లు పట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

2011లో కలప నియమావళిని తిరగరాసి, రాపిడి, త్వరణాల లెక్కలకు చోటిచ్చారు. మంచి పనే, ఎందుకంటే కలపలన్నీ ఒక్క తీరున జారవు. బదులుగా మొదటి నియమావళి కలప నుంచి తీసుకోవలసినది ఇంకా ఉంది. 13వ అనుబంధాన్ని మళ్లీ సవరించినప్పుడు బయల్దేరే రోజు లెక్క పక్కనే, పదిరోజుల తడి తర్వాతి లెక్కకూ ఒక గడి పెట్టాలి.