టోపీలు కుట్టే రెజియా

మొన్న మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, వర్జీనియా వుల్ఫ్ రాసిన 'మిసెస్ డాలోవే' నవల రెండోసారి చదవడానికి కూర్చున్నాను. మొదటిసారి అందరిలాగే క్లారిస్సా డాలోవే ఇచ్చే విందు గురించే ఆలోచించాను. ఈసారి రెజియా నన్ను వదల్లేదు.

1925లో వచ్చిన ఈ నవల కథంతా 1923 జూన్‌లో ఒక్కరోజు, లండన్‌లో జరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అయిదేళ్ళు కావస్తోంది. పూలు, కార్లు, విందులు - ఊరు మామూలైపోయింది. ఆడవాళ్ళ బతుకులూ మారుతున్నాయి. ముప్ఫై నిండిన స్త్రీలలో చాలామందికి 1918లో ఓటు వచ్చింది. మగవాళ్ళతో సమానంగా ఇరవై ఒకటికే ఇవ్వడానికి మరో పదేళ్ళు పట్టిందనుకోండి! 1919 చట్టంతో లాయరు వృత్తి తలుపులూ తెరుచుకున్నాయి. అందుకే క్లారిస్సా కూతురు ఎలిజబెత్ బస్సు మీద కూర్చుని, డాక్టర్నవుదామా, వ్యవసాయం చేద్దామా అని కలలు కంటుంది.

రెజియా సంగతి వేరు. ఇటలీలో అక్కచెల్లెళ్ళతో టోపీలు కుట్టుకునే పిల్ల. ఇంగ్లీషు సిపాయి సెప్టిమస్‌ని పెళ్ళాడి పరాయిదేశం వచ్చింది. యుద్ధంలో స్నేహితుణ్ణి పోగొట్టుకున్న అతనికి మతి చెదిరింది. ఆ చనిపోయినవాడే కళ్ళముందు మెదులుతుంటాడు. ఒక డాక్టరు జబ్బేమీ లేదు పొమ్మంటాడు. ఇంకో పెద్ద డాక్టరు భార్యకి దూరంగా ఉంచాలంటాడు. మధ్యన నలిగేది ఆవిడ. చెప్పుకుందామంటే దగ్గర్లో పుట్టింటివాళ్ళయినా లేరు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం కలిసి ఇంటావిడ కూతురికి టోపీ తయారుచేస్తూ నవ్వుకుంటారు. నవలంతటిలో నాకు నచ్చిన ఘట్టం అదే. కాసేపటికే డాక్టరు రావడంతో అతను కిటికీలోంచి దూకి ప్రాణం తీసుకుంటాడు.

వుల్ఫ్ మీద నా ఫిర్యాదు ఇక్కడే. రెజియాకి మందిచ్చి నిద్రపుచ్చుతారు. నవల మళ్ళీ ఆవిణ్ణి పలకరించదు. రాత్రి విందులో ఆ చావు కబురు విని క్లారిస్సా ఆ కుర్రాడి గురించి ఎంతో లోతుగా తలపోస్తుంది. అతనికో భార్య ఉందేమో, ఈ రాత్రి ఆవిడ గతేమిటో అని మాత్రం తోచదు. విందుల లోకం తీరు అదేనని చూపడానికే రచయిత్రి అలా రాసిందనవచ్చు. కావచ్చు. కానీ కథ ముగిసేలోగా ఒక్కసారి ఆ గది తలుపు తీసి చూడకూడదూ!

సంతకాలతో యుద్ధాలు ముగుస్తాయని బళ్ళో చదువుకున్నాం. యుద్ధం నుంచి మనిషి సగమై తిరిగొచ్చిన ఇంట్లో, ఆ సగాన్ని కాచుకుని కూర్చునే ఇల్లాలికి ముగిసేదెప్పుడు? ఓటు ఎన్నేళ్ళకొచ్చిందో చరిత్రలో రాశారు. ఈ లెక్క ఎవరు రాస్తారు?

పుస్తకం మూసేశాను. ఆ టోపీ చివరికి ఎవరి తలకెక్కిందో అని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.