అచ్చులో ఒప్పు, పాఠంలో తప్పు: తెలుగు అక్షరకూర్పులో ఫాంటు సవరణలపై పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు డి.టి.పి.లో ఫాంటు దోషాన్ని కాగితం మీది రూపాన్ని బట్టే గుర్తించి, కాగితం మీద కనిపించకుండా చేయడంతో పని ముగిసిందనుకొనే అలవాటు స్థిరపడింది. ఈ అలవాటు పుటను కాపాడుతున్నా పాఠాన్ని కాపాడలేకపోతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దోషం సంకేతం, ఆకృతి, ముద్రణ అనే మూడు దశల్లో ఎక్కడ పుట్టిందో తేల్చాకే సవరణకు పూనుకోవాలని సూచిస్తుంది.

1. ప్రవేశిక

పోస్ట్‌స్క్రిప్ట్ భాషను గ్రహించే ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, ఆల్డస్ పేజ్‌మేకర్ 1985లో వెలువడ్డాయి. ఆ ఉపకరణాలు రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని తయారైనవి. తెలుగు లిపి వాటిలో ఒదిగిన తీరులోనే నేటి చిక్కులకు మూలం ఉంది.

2. సంకేత దశ

ఎనిమిది బిట్ల ఫాంటులో 256 స్థానాలకు మించి ఉండవు. గుణింతాలు, సంయుక్తాక్షరాలు అన్నింటికీ విడివిడిగా చోటు చాలదు. అందువల్ల ఫాంటుకర్తలు తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కలను రోమన్ అక్షరాల స్థానాల్లో ఉంచి, వాటిని పేర్చి అక్షరాన్ని నిర్మించారు. ఈ క్రమం ఒక్కో సంస్థకు ఒక్కో విధం. ఒక ఫాంటులో కూర్చిన ప్రతిని మరొక ఫాంటులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించడానికి కారణం ఇదే.

దీనికి ముద్రణాలయాల్లో ప్రచారంలో ఉన్న విరుగుడు, అక్షరాలను రేఖాకృతులుగా మార్చి పంపడం. పుట చక్కగా అచ్చవుతుంది. కాని అప్పటినుంచి అది బొమ్మ మాత్రమే. అందులో పదాన్ని వెతకలేం, సూచిక తయారుచేయలేం.

యూనికోడ్ 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం కల్పించింది. అయినా కంటిని మోసగించే తప్పులు తొలగిపోలేదు. పూర్ణానుస్వారానికి బదులు సున్న అంకెను, విసర్గకు బదులు కోలన్‌ను వాడితే లేజరు ప్రతిలో తేడా దాదాపు తెలియదు. ‘దుఃఖం’ అని వెతికే పరిశోధకునికి ‘దు:ఖం’ దొరకదు.

3. ఆకృతి దశ

యూనికోడ్‌లో ‘క్ష’ అనేది క, పొల్లు, ష అనే మూడు సంకేతాల వరుస. వాటిని కలిపి ఒక రూపంగా చూపించే పని ఫాంటు నియమాలదీ, కూర్పు సాధనానిదీ. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0కు యూనికోడ్ తెలియదు. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు తగిన కంపోజర్‌ను ఎంచుకోకపోతే పొల్లు విడిగా నిలిచి, వత్తులు చెదురుతాయి. ఇక్కడ పాఠం నిర్దోషమే, అమరిక మార్చితే చాలు. ఇది గ్రహించక విడిపోయిన వత్తును పాత ఫాంటుతో అతికించడం ఉన్న ఆరోగ్యాన్ని చెడగొట్టే వైద్యం.

4. ముద్రణ దశ

ఫాంటును పి.డి.ఎఫ్.లో పొదగకపోతే, అది లేని యంత్రం మరొక ఫాంటును ప్రత్యామ్నాయంగా వాడుతుంది. తెరమీద సరిగా ఉండి కాగితంపై చెడితే, అదే పుటను బొమ్మగా ముద్రించి చూడాలి. అప్పుడు సరిగా వస్తే దోషం ప్రింటరు ఫాంటును గ్రహించే తీరులో ఉన్నట్లు. వరుసల ఎడాన్ని రోమన్ అలవాటు ప్రకారం అక్షర పరిమాణానికి 120 శాతంగా వదిలేస్తే, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. దీన్ని ఫాంటు దోషంగా భావించి ఫాంటునే మార్చడం పరిపాటి. వాస్తవానికి ఎడం పెంచితే సరిపోతుంది.

5. పాఠపరిష్కరణకు కలిగే నష్టం

ఈ పొరపాట్ల భారం చివరికి సాహిత్య పాఠంపైనే పడుతుంది. ‘ఏఱు’ అంటే నది, ‘ఏరు’ అంటే నాగలి. ‘ఏఁడు’ సంవత్సరం, ‘ఏడు’ సంఖ్య. శకటరేఫ గాని అరసున్న గాని ఫాంటులో దొరకలేదని వదిలేస్తే పదమే మారిపోతుంది. రేఫ శకటరేఫల ప్రాసమైత్రి లాక్షణికులు చర్చించిన విషయం. రెండింటినీ ఒకటిగా కూర్చిన ప్రతి ఆధారంగా ఆ చర్చ కొనసాగించడం సాధ్యం కాదు. తాళపత్ర ప్రతుల్లో లేఖక ప్రమాదాలను శ్రద్ధగా నమోదుచేసే పరిష్కర్తలు, కూర్పు ప్రమాదాలను సాంకేతిక విషయంగా పక్కన పెట్టడం సమంజసం కాదు. పాత ఫాంటునుంచి యూనికోడ్‌లోకి మార్చే సాధనం కూడా మూలప్రతిలో పోయిన అక్షరాన్ని తిరిగి తేలేదు.

6. ముగింపు

ముద్రణకు ముందు పి.డి.ఎఫ్.లోని ఒక పుటను నకలుచేసి సాదా పాఠంగా అతికించి చూడటం, అరసున్న, ఱ, విసర్గ ఉన్న పదాలను వెతికి చూడటం కొద్ది నిమిషాల పని. పాఠం చెదిరితే ఆ పి.డి.ఎఫ్. ఒక్కటే భద్రపరచదగిన ప్రతి కాదు. యూనికోడ్ మూలప్రతిని కూడా విడిగా దాచాలి. అక్షరదోషాలు చూసే బాధ్యతలో ఈ పరీక్షను చేర్చుకొన్న సంపాదకుడు రాబోయే పరిష్కర్తకు నమ్మదగిన పాఠాన్ని అందించగలుగుతాడు.